చెల్లి వంటల డైరీ

మా పిన్ని కూతురు పోయాక తన గది సర్దుతుంటే ఒక పాత డైరీ దొరికింది. అందులో బాధలేమీ రాసుకోలేదు. అన్నీ వంటలే. ఆదివారం పేపర్లోంచి కత్తిరించి అంటించినవి కొన్ని, యూట్యూబులో చూసి రాసుకున్నవి కొన్ని, గుమ్మడికాయ బెల్లం పులుసుకి మా అమ్మమ్మ చెప్పిన కొలతలు. నూనె అన్న మాట ఎక్కడ వచ్చినా దాని కింద ఎర్ర పెన్నుతో గీత.

పైడితల్లమ్మ సిరిమాను పండక్కి చుట్టాలందరం విజయనగరంలో వాళ్ళింట్లోనే దిగేవాళ్ళం. ఇరవై మందికి తనే వండి వడ్డించేది. "నువ్వు తిన్నావేటే?" అని అడిగితే, "రుచి చూసీసరికే కడుపు నిండిపోనాది అప్పా" అనేది. నాజూగ్గా ఉందని పెద్దవాళ్ళు మెచ్చుకునేవారు. ఇంత ఇష్టంగా వండే పిల్లకి తిండితో పేచీ ఉంటుందని మాలో ఒక్కరికీ తట్టలేదు. ఇరవై రెండేళ్ళకి, ఒక రాత్రి పడుకున్న మనిషి తెల్లారి లేవలేదు.

ఆ డైరీ ఏమిటో నాకు అర్థమైంది మిన్నెసోటా ప్రయోగం గురించి చదివాకే. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944-45లో, ఆన్సెల్ కీస్ అనే అమెరికా శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను 24 వారాలపాటు అరకొర తిండి మీద ఉంచాడు. వాళ్ళు ఆయుధం పట్టబోమని చెప్పి, దానికి బదులు ఈ పనికి ముందుకొచ్చినవాళ్ళు. యుద్ధంలో పస్తులున్న జనాన్ని మళ్ళీ మామూలు తిండికి ఎలా తేవాలో తెలుసుకోవాలని ఈ ప్రయత్నం. వాళ్ళ బరువు దాదాపు పాతిక శాతం తగ్గింది. గుండె వేగం పడిపోయింది, ఎండాకాలంలోనూ చలి అన్నారు, స్నేహితులకు దూరమయ్యారు. అంతకుముందు వంటింటి మొహం చూడనివాళ్ళు కూడా వంటల పుస్తకాలు పోగేసి కథల్లా చదివారు. కంచం ముందు కూర్చుని చిన్న చిన్న ముద్దలు చేసుకుంటూ గంటలు గడిపారు.

వీళ్ళెవరికీ ముందు మానసిక జబ్బు లేదు. పస్తే మెదడును అలా తిప్పేసింది. మేం మా చెల్లి సరదా అనుకున్నది నిజానికి దాని ఆకలి.

తిండి మానుకుని ఒంటిని పస్తుపెట్టుకునే ఈ జబ్బుకి అనొరెక్సియా నెర్వోసా అనే పేరు 1873లో లండన్ డాక్టర్ విలియం గల్ పెట్టాడు. అనొరెక్సియా అంటే ఆకలి లేకపోవడం. నన్నడిగితే ఆ పేరే తప్పు. ఆకలి ఉంటుంది, దాన్ని అణచడమే రోజంతా పని అయిపోతుంది. ఇది మొండితనమూ కాదు, అద్దం పిచ్చీ కాదు. వంశంలో వచ్చే జన్యువుల పాత్ర గట్టిగానే ఉందని కవలల మీద చేసిన అధ్యయనాలు చెబుతున్నాయి. మగపిల్లలకీ వస్తుంది. అతిగా తినేసి, ఆపైన కక్కేయడం లాంటివి చేసే బులీమియా అనే ఇంకో తిండి జబ్బులో బరువు మామూలుగానే ఉండొచ్చు కాబట్టి మనిషిని చూసి కనిపెట్టలేం.

మానసిక జబ్బుల్లో మరణాలు ఎక్కువగా ఉన్నవాటిలో అనొరెక్సియా ఒకటి. ఒళ్ళు తనకు కావలసిన శక్తి కోసం కండను కరిగించుకుంటుంది, గుండె కూడా కండే. దానికి తోడు రక్తంలో పొటాషియం తగ్గితే గుండె లయ తప్పుతుంది. రక్తపరీక్షలన్నీ సరిగ్గా ఉన్నా ప్రమాదం లేనట్టు కాదు.

మా చెల్లిని చూపించకపోలేదు. అరగడం లేదు, కడుపు ఉబ్బరం అనేది. గ్యాస్ మాత్రలు రాశారు. అది అబద్ధం చెప్పలేదు. తిండి తగ్గితే జీర్ణాశయం మందగిస్తుంది, నాలుగు ముద్దలకే బరువుగా ఉంటుంది. లావైపోతానన్న భయం పైకి చెప్పకుండా, ఉబ్బరం గురించే చెప్పే రోగులు ఉన్నారని హాంకాంగ్‌లో మానసిక వైద్యుడు సింగ్ లీ గుర్తించాడు. మన దగ్గర ఇంకో ముసుగు ఉంది, ఉపవాసం. కార్తీక సోమవారాలు, ఆపైన శనివారాలు, ఆపైన మంగళవారాలు. భక్తి అనుకున్నాం. చూడాల్సింది ఉపవాసం ఉందా లేదా అని కాదు, విడిచాక తింటోందా అని.

తెలిసిన వెంటనే కూర్చోబెట్టి కడుపునిండా తినిపించేద్దాం అనిపిస్తుంది. ఆగాలి. చాన్నాళ్ళు పస్తున్న ఒంట్లోకి ఒక్కసారిగా తిండి పడితే ఇన్సులిన్ పెరిగి, రక్తంలోని ఫాస్ఫేట్‌ని కణాలు లాగేసుకుంటాయి. అదీ గుండెకి ప్రమాదమే. డాక్టరు పర్యవేక్షణలో మెల్లగా పెంచాలి. ఎదిగే పిల్లల విషయంలో, తల్లిదండ్రులను తప్పుపట్టకుండా తినిపించే బాధ్యత కొంతకాలం వాళ్ళకే అప్పగించే పద్ధతి లండన్ మాడ్‌స్లీ ఆసుపత్రిలో మొదలైంది. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. పూర్తిగా కోలుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. మనకు విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోను సేవ టెలిమానస్ నంబరు 14416కి ఏ వేళలో చేసినా తెలుగులో మాట్లాడతారు.

ఇవే సంగతులు మొన్న శ్రీకాకుళంలో ఒక కాలేజీలో చెప్పి బయటికి వస్తుంటే, ఒకావిడ వరండాలో ఆపింది. "మా గుంట కూడా అందరికీ వడ్డించి ఆఖర్న తింటాదమ్మా" అంది. మన ఇళ్ళల్లో ఆడపిల్లలు ఆఖర్న తినడం వింతేం కాదు. వండే ప్రతి పిల్లకీ జబ్బు అంటగట్టలేం.

"ఆఖర్న తింటుండగా ఎప్పుడైనా చూశారా?" అని అడిగాను.

ఆవిడ కొంగు వేలికి చుట్టుకుంటూ కాసేపు ఆలోచించింది. తర్వాత ఫోను తీసి, ఆ నంబరు మళ్ళీ చెప్పమంది.