నైటింగేల్ పేరు కథ

చిరంజీవులకు ఆశీస్సులు.

హైదరాబాదులో 1879లో పుట్టిన సరోజినీ నాయుడు గారిని ఇంగ్లీషులో నైటింగేల్ అని, తెలుగులో భారత కోకిల అని అంటున్నారు కదా, ఆ రెండూ ఒకే పక్షేనా అని అడిగారు. కావు.

నైటింగేల్ పిచ్చుకంతే ఉంటుంది, బరువు సుమారు 20 గ్రాములు. ఐరోపాలోనూ, పశ్చిమ, మధ్య ఆసియాల్లోనూ పొదల మాటున గూడు కట్టుకుని, చలికాలం రాకముందే సహారా ఎడారి దాటి ఆఫ్రికాకు వెళ్ళిపోతుంది కనుక దాని పాట మన తోటల్లో వినిపించదు. పాడేది మగపక్షి. పగలు కూడా పాడుతుంది గాని, జోడు దొరకనిదైతే రాత్రి పొద్దుపోయాక కూడా ఆపదు. పాత ఇంగ్లీషువారు 'రాత్రి పాడేది' అన్న అర్థంతో పేరు పెట్టింది అందుకే. జర్మన్ 'నాఖ్టిగాల్' కూడా అదే మాట. గ్రీకులు రాత్రి ఊసెత్తకుండా 'పాడేది' అని ఊరుకున్నారు. రష్యన్ 'సొలొవేయ్' మాత్రం పాటను వదిలి, ఈకల మాసిన రంగును పట్టుకుందంటారు.

నాకు అన్నిటికంటే నచ్చినవి పారశీకుల పేర్లు. కూతను అనుకరిస్తూ 'బుల్‌బుల్' అన్నారు. అది చాలదన్నట్టు 'హజార్ దాస్తాన్', అంటే వేయి కథలది అని కూడా పిలుచుకున్నారు. ఈ 'హజార్' మన 'సహస్ర'కు దగ్గర చుట్టమే. అక్కడి కవిత్వంలో బుల్‌బుల్ గులాబీని ప్రేమించి విలపించే పక్షి. పారశీక భాషతో పాటు ఆ పేరు మన దేశానికి వచ్చింది, పక్షి రాలేదు. దాంతో తోక కింద ఎర్రగా ఉండే మన పిగిలిపిట్ట బుల్‌బుల్ అయి కూర్చుంది. నిజానికి శాస్త్రజ్ఞుల లెక్కలో నైటింగేల్‌తో ఒకే కుటుంబానికి చెందినది మన నల్లంచి, పిగిలిపిట్ట కాదు.

కోకిల సంగతి సరే సరి, కాకి గూట్లో గుడ్లు పెట్టే జాతి అది. అయినా వసంతంలో పాడే పక్షి అనగానే ఐరోపా కవులకు నైటింగేల్ ఎంతో, మనకు కోకిల అంత. సరోజిని గారిని 'భారత పిగిలిపిట్ట' అంటే ఎవరు ఒప్పుకుంటారు చెప్పండి?

ఫ్లారెన్స్ నైటింగేల్ గారి పేరుకు మాత్రం పాటతో పని లేదు. ఆస్తి వారసత్వంగా వచ్చినప్పుడు, 1815లో, ఆమె తండ్రి తన ఇంటిపేరు 'షోర్' మార్చుకుని ఈ పేరు పెట్టుకున్నారు.

ఇట్లు,
మీ తాతయ్య