మాక్ టెస్టు మార్కులను ఎంతవరకు నమ్మవచ్చు? అపోహలు – వాస్తవాలు

ప్రవేశ పరీక్షలకు నమూనా ప్రశ్నపత్రాలు తయారుచేయడం, వాటి ఫలితాలను విశ్లేషించడం నా వృత్తి. "మాక్‌లో ఇన్ని మార్కులు వచ్చాయి, అసలు పరీక్షలో ఎన్ని వస్తాయి?" అని విద్యార్థులు, వారికంటే ఎక్కువగా తల్లిదండ్రులు నన్ను తరచుగా అడుగుతుంటారు. మాక్ టెస్టు ఆధారంగా చెప్పగలిగేది ఒక పరిధి మాత్రమే. ఆ టెస్టును ఎవరు తయారుచేశారు, దాన్ని ఏ పరిస్థితుల్లో రాశారు, అలాంటివి ఎన్ని రాశారు అన్న విషయాలను బట్టి ఆ పరిధి పెరుగుతుంది, తగ్గుతుంది.

అపోహ: చివరి మాక్‌లో వచ్చిన మార్కులే అసలు పరీక్షలోనూ వస్తాయి.

వాస్తవం: ఒక్క టెస్టు మార్కుల్లో అదృష్టం వాటా చాలామంది అనుకునే దానికంటే ఎక్కువ. జేఈఈ మెయిన్‌నే తీసుకుందాం. అందులో 75 ప్రశ్నలు, 300 మార్కులు. సరైన జవాబుకు 4 మార్కులు వస్తాయి, తప్పు జవాబుకు ఒక మార్కు పోతుంది. ఒక విద్యార్థి 20 ప్రశ్నల్లో రెండేసి ఆప్షన్లను కొట్టివేయగలిగి, మిగిలిన రెండింటిలో ఏది సరైనదో తేల్చుకోలేక ఒకటి గుర్తించాడనుకుందాం. వాటిలో 10 సరైతే 30 మార్కులు వస్తాయి, 13 సరైతే 45, ఏడే సరైతే 15. చదువులో ఇసుమంతైనా తేడా లేకుండానే 30 మార్కుల వ్యత్యాసం వచ్చింది. ఇది అరుదుగా జరిగేదీ కాదు. 13 లేదా అంతకు మించి సరికావడమో, ఏడు లేదా అంతకు తక్కువ సరికావడమో లెక్క ప్రకారం దాదాపు నాలుగుసార్లకు ఒకసారి జరుగుతుంది. అందుకే నేను ఒక్క మాక్‌ను చూసి అంచనా చెప్పను. ఒకే స్థాయి టెస్టులు నాలుగు రాసి సగటు తీస్తే, ఈ యాదృచ్ఛిక హెచ్చుతగ్గులు సగానికి తగ్గుతాయి.

అపోహ: ఇప్పటివరకు వచ్చిన మార్కుల్లో అన్నిటికంటే ఎక్కువ వచ్చినవే అసలు సామర్థ్యం.

వాస్తవం: అత్యధిక మార్కులు వచ్చిన రోజున సామర్థ్యంతో పాటు అదృష్టం కూడా కలిసివచ్చి ఉంటుంది. ఆ తరువాతి టెస్టులో మార్కులు సగటు వైపు దిగడం సహజం. దాన్ని బద్ధకంగా భావించి పిల్లలను మందలించడం అన్యాయం.

అపోహ: ప్రశ్నల సంఖ్య, సమయం ఒకటే అయితే ఏ టెస్టు సిరీస్ అయినా ఒకటే.

వాస్తవం: పైకి కనిపించే పోలిక చాలదు. కొన్ని కోచింగ్ సంస్థలు విద్యార్థులను గట్టిపరచాలని పేపరును కావాలనే కఠినంగా ఇస్తాయి. ఆ ఉద్దేశంలో తప్పు లేదు కానీ, ఆ మార్కులతో అసలు పరీక్షను అంచనా వేయకూడదు. అమెరికా కాలేజీల్లో ప్రవేశానికి రాసే శాట్ విషయంలో ఈ సమస్య ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అమెరికా వెలుపల 2023 నుంచి, అమెరికాలో 2024 నుంచి డిజిటల్‌గా జరుగుతున్న ఈ పరీక్షలో ప్రతి విభాగానికీ రెండు మాడ్యూళ్లు ఉంటాయి. మొదటి మాడ్యూల్‌లో ఎలా రాశారన్న దాన్ని బట్టి రెండో మాడ్యూల్ కఠినంగానో సులభంగానో వస్తుంది. ముద్రించిన పేపరు మీద సరైన జవాబులు లెక్కపెట్టుకుంటే ఆ స్కోరు రాదు. పరీక్ష నిర్వహించే కాలేజ్ బోర్డే బ్లూబుక్ యాప్‌లో నమూనా పరీక్షలు ఇస్తోంది కనుక, అంచనాకు వాటినే ఆధారం చేసుకోవడం మేలు. అయితే అదే పరీక్షను రెండోసారి రాస్తే జ్ఞాపకశక్తి కూడా మార్కులు తెచ్చిపెడుతుంది. ఆ స్కోరును అంచనాకు వాడకూడదు. మధ్యలో లేచి, ఫోన్ చూసుకుని, పావుగంట ఆగి పూర్తిచేసిన టెస్టు సాధనకు పనికొస్తుందేమో గానీ, కొలతకు పనికిరాదు.

అపోహ: మాక్ మార్కులను నిరుటి పట్టికలో చూసుకుంటే ర్యాంకు తెలిసిపోతుంది.

వాస్తవం: నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధించే అపోహ ఇదే, ఎందుకంటే దీన్ని నమ్మి కుటుంబాలు పెద్ద నిర్ణయాలు తీసుకుంటాయి. మార్కులు విద్యార్థివి, ర్యాంకు మాత్రం ఆ ఏటి పేపరు కాఠిన్యం మీద, మిగిలినవారు ఎలా రాశారన్న దాని మీద ఆధారపడుతుంది. నీట్ యూజీలో 2024లో అత్యధిక స్కోరు 720కి 720. 2025లో పేపరు కఠినంగా రావడంతో అత్యధిక స్కోరు 686 దగ్గరే ఆగింది. 2024 పట్టిక పట్టుకుని 2025 ర్యాంకును ఊహించుకున్నవారు ఎంత కలవరపడి ఉంటారో చెప్పనక్కరలేదు. పర్సంటైల్‌దీ ఇదే సమస్య. జేఈఈ మెయిన్‌లో పర్సంటైల్ అంటే, అదే షిఫ్టులో పరీక్ష రాసినవారిలో తనకు సమానంగా గానీ తక్కువగా గానీ మార్కులు తెచ్చుకున్నవారు వందకు ఎందరన్నది. కోచింగ్ సంస్థ ఇచ్చే పర్సంటైల్ ఆ సంస్థలో చదివేవారితో మాత్రమే పోలుస్తుంది. మెరికల్లాంటి విద్యార్థులున్న బ్యాచ్‌లో వెనుకబడినవారు దేశవ్యాప్త పరీక్షలో ఎంతో ముందుండవచ్చు.

అపోహ: చివరి వారాల్లో మాక్ మార్కులు తగ్గితే ఇక ఆశ లేదు.

వాస్తవం: మొత్తం మార్కులకంటే ముందు తప్పులను విడదీసి చూడాలి: విషయం తెలియక పోయినవి ఎన్ని, సమయం చాలక వదిలేసినవి ఎన్ని, తెలిసీ పొరపాటున పోగొట్టుకున్నవి ఎన్ని. మొదటి రకం తప్పులు వరుసగా మూడు నాలుగు టెస్టుల్లో అదే అధ్యాయంలో కనిపిస్తే, అసలు పరీక్షలోనూ అక్కడే మార్కులు పోయే అవకాశం ఎక్కువ. మూడో రకం తప్పులు ఒక్క టెస్టులోనే గుంపుగా కనిపిస్తే, ముందురోజు రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారని నేను మొదట అడుగుతాను.