పైపు పైకప్పును తిన్నదెవరు?

మా వీధి చివర రోడ్డు కుంగింది. జేసీబీ తెచ్చి తవ్వితే కింద డ్రైనేజీ పైపు కూలిపోయి ఉంది. రెండడుగుల హ్యూమ్ పైపు, అంటే ఇనుప చువ్వలు పెట్టి పోసిన కాంక్రీటు పైపు. గుంత ఒడ్డున చేరినవాళ్లలో ఒకాయన "సిమెంటు కాదండీ, అంతా బూడిదే కలిపారు" అని తీర్పు చెప్పేశారు. పక్కింటావిడ మాత్రం నేరాన్ని బాత్రూం కడిగే యాసిడ్ మీదికి తోశారు.

బయటికి తీసిన ముక్క చూస్తే రెండూ అతకలేదు. ఇరవై నాలుగు గంటలూ మురుగు పారే అడుగుభాగం గట్టిగా, నిన్న పోసినట్టు ఉంది. మురుగు ఎప్పుడూ తాకని పైకప్పు మాత్రం వేలితో గీకితే తడి సున్నంలా ఊడి వస్తోంది. లోపలి చువ్వలు బయటపడి తుప్పు పట్టాయి. యాసిడ్ పోస్తే కిందికి పారుతుంది, పైకెక్కదు కదా! సిమెంటు నాసిరకమైతే చుట్టూ ఒకేలా పోవాలి. పైగా పాడైంది ఆ మ్యాన్‌హోల్ దగ్గర పది మీటర్లే. ఒక పెంకు కాగితంలో చుట్టి తెచ్చుకుని, ఇంట్లో చీవాట్లు తిని, మా అబ్బాయి సైన్స్ కిట్‌లోని నీలి లిట్మస్ అద్దాను. ఎర్రబడింది. పైకప్పు మీద నిజంగానే యాసిడ్ ఉంది.

అది అక్కడే తయారైంది. తయారుచేసేది సూక్ష్మజీవులు. సూక్ష్మజీవి అంటే ఏమిటో చెబుతూ కూర్చోను, ఆ పాఠం అందరం చదివిందే. కథంతా గంధకం చుట్టూ తిరుగుతుంది, దాన్నే పట్టుకుందాం.

పైపు లోపలి గోడకు, మురుగు తాకినంత మేరా, జారుడు పాకుడు పడుతుంది. మందం మిల్లీమీటరు లెక్కల్లో ఉంటుంది. మురుగులో కరిగిన ఆక్సిజన్‌ను ఆ పాకుడు పైపొరలో ఉన్నవే మింగేస్తాయి, లోపలి పొరలకు అందదు. మరి లోపలున్నవి ఎలా బతుకుతాయి? సల్ఫేట్‌తో. సల్ఫేట్ అంటే ఒక గంధకం పరమాణువు, దాన్ని అంటుకుని నాలుగు ఆక్సిజన్ పరమాణువులు. నా లెక్కలో అది నిండు గ్యాస్ సిలిండర్. డీసల్ఫోవిబ్రియో లాంటి బ్యాక్టీరియా ఆ నాలుగు ఆక్సిజన్లనూ వాడుకుని, మన ప్లేట్ల నుంచి, మరుగుదొడ్ల నుంచి వచ్చిన కుళ్ళును "కాల్చుకుని" తింటాయి. మిగిలిన గంధకాన్ని ఖాళీ సిలిండర్‌లా బయట పెడతాయి. ఆ ఖాళీ సిలిండర్ పేరు సల్ఫైడ్. మురుగులోని ఇనుముతో కలిస్తే అదే నల్లగా పేరుకుంటుంది. కాలవ పూడిక నలుపు అదే. వెండి పట్టీలు నల్లబడితే దిష్టి తగిలిందంటారు చూడండి, అక్కడ కూడా తగిలింది గంధకమే.

ఈ సిలిండర్ పోలిక ఇంకా చాలా దూరం వస్తుంది. ఇంటికి పైపు గ్యాస్ వస్తుంటే సిలిండర్ ఎవరు మోస్తారు? మురుగులో ఆక్సిజన్ ఉన్నంతసేపూ సల్ఫేట్ జోలికి ఎవరూ పోరు. ఆక్సిజన్ అయిపోతే తర్వాతి వంతు నైట్రేట్‌ది. అదీ లేకపోతేనే సల్ఫేట్. కొన్ని నగరాల్లో కంపు కొట్టకుండా మురుగులో కాల్షియం నైట్రేట్ పోయడం వెనుక కిటుకు ఇదే: మెరుగైనది చేతికందితే సిలిండర్ ముట్టరు. పాకుడు అట్టడుగున సల్ఫేట్ కూడా చేరని చోట కట్టెల పొయ్యి బాపతు ఉంటాయి, అవి మీథేన్ వదులుతాయి.

ఇప్పుడు కాస్త రసాయనం. సల్ఫైడ్ నీటిలో రెండు వేషాల్లో ఉంటుంది: విద్యుదావేశమున్న అయాన్‌గా, హైడ్రోజన్ సల్ఫైడ్ అణువుగా. పీహెచ్ (ఆమ్లం కొలత, 7 కన్నా తగ్గేకొద్దీ ఆమ్లం, పెరిగేకొద్దీ క్షారం) 7 దగ్గర ఇంచుమించు సగం సగం. పీహెచ్ 6కి దిగితే పదింట తొమ్మిది వంతులు అణువులే, 8కి పెరిగితే ఒక వంతే. గాలిలోకి ఎగరగలిగేది అణువు ఒక్కటే, అయాన్ ఎగరలేదు. నీరు నిమ్మళంగా పారితే కొంచెం ఎగురుతుంది, ఎత్తునుంచి పడి చిలికినట్టయితే భళ్ళున వచ్చేస్తుంది.

అలా లేచిన ఖాళీ సిలిండర్లు తడి పైకప్పుకు చేరతాయి. అక్కడ గాలి ఉంది, ఆక్సిజన్ ఉంది, వేరే బ్యాక్టీరియా కాచుకుని ఉంది. అవి గంధకానికి మళ్లీ నాలుగు ఆక్సిజన్లు తగిలిస్తాయి. ఇక్కడ నా పోలిక కాస్త బెసుకుతుంది: సిలిండర్ నింపడానికి మనకు ఖర్చు, వీటికి నింపడమే భోజనం. నింపగా వచ్చేది సల్ఫ్యూరిక్ ఆమ్లం. కింద ఊడదీసిన ఆక్సిజన్‌ను పైన తిరిగి అతికించడం, ఆ రెండు పనులకూ మధ్య నలిగేది కాంక్రీటు.

కొత్త కాంక్రీటు మీద వీటి ఆటలు సాగవు, దాని పీహెచ్ 12, 13 ఉంటుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్, ఈ గ్యాసూ కలిసి మెల్లగా దాన్ని 9 దాకా దించుతాయి. అప్పుడు ఒక రకం బ్యాక్టీరియా దిగి 4 దాకా లాగుతుంది. ఆమ్లం ఘాటుకు అవి తట్టుకోలేని చోట అసలు ఘనులు పని అందుకుని 1, 2 దాకా తీసుకెళ్తాయి. 1945లో మెల్‌బోర్న్‌లో సి.డి. పార్కర్ తినేసిన కాంక్రీటు నుంచి ఈ జీవిని వేరుచేసి, కాంక్రీటు తినేదన్న అర్థం వచ్చేలా 'కాంక్రీటివోరస్' అని పేరు పెట్టారు. తర్వాత చూస్తే అది 1922లో వాక్స్‌మన్, జోఫీ నేలలో కనిపెట్టిన పాత జీవే. ఆ వాక్స్‌మన్‌కే తర్వాత క్షయ మందు స్ట్రెప్టోమైసిన్‌ మీద 1952 నోబెల్ వచ్చింది. హ్యూమ్ పైపు పుట్టిందీ ఆస్ట్రేలియాలోనే, 1910లో. రోగమూ రోగీ ఒకే దేశంలో బయటపడ్డాయన్నమాట.

లెక్క చూడండి: 34 గ్రాముల హైడ్రోజన్ సల్ఫైడ్ నుంచి 98 గ్రాముల ఆమ్లం, అది కరిగించగల సున్నపురాయి 100 గ్రాములు. కరిగిన సున్నం జిప్సం ముద్ద అవుతుంది. నేను గీకిన తెల్ల పేస్టు అదే. ముదిరిన చోట ఏడాదికి కొన్ని మిల్లీమీటర్ల కాంక్రీటు పోతుంది.

డిగ్రీ ల్యాబులో ఈ గ్యాస్ తయారుచేసే కిప్ ఉపకరణం దగ్గర "కుళ్ళిన కోడిగుడ్ల వాసన" అని మా చేత బట్టీ పట్టించారు. అసలు చెప్పాల్సింది చెప్పలేదు: పది లక్షల భాగాల గాలిలో ఈ గ్యాస్ ఒక భాగం లేకపోయినా ముక్కు పట్టేస్తుంది, వంద భాగాలు దాటితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు, ఏడెనిమిది వందలైతే మనిషి అక్కడికక్కడే కూలిపోతాడు. వాసన పోయింది కదా అని దిగడమంత ప్రమాదం లేదు. బావిలోకి లాంతరు దించి చూసే పాత పద్ధతి ఆక్సిజన్ తక్కువైతే చెబుతుంది, ఈ గ్యాస్ సంగతి చెప్పదు. మీథేన్ ఉంటే ఆ మంటే ముప్పు. మ్యాన్‌హోల్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 30 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. మూతల కింద ఏం పుడుతుందో మాత్రం పాఠ్యపుస్తకాల్లో ఇప్పటికీ కోడిగుడ్డు దగ్గరే ఆగిపోయాం.

ఇంతకీ అన్ని నిండు సిలిండర్లు మురుగులోకి ఎక్కడివి? మన మూత్రంలో సల్ఫేట్ ఉంటుంది, బోరునీళ్లలోనూ ఉంటుంది. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2014లో లెక్క తీస్తే అన్నిటికన్నా పెద్ద వాటా తాగునీటిని తేర్చడానికి కలిపే పటికదని తేలింది. నీళ్లలో కలిపే ఈ పటిక అల్యూమినియం సల్ఫేట్, గుమ్మానికి కట్టే పటికకు దగ్గరి బంధువు. గుమ్మానికి కడితే దిష్టి తీసే పటిక జాతే, కుళాయిలోంచి మురుగులోకి దిగి పైపుకు దిష్టి పెడుతోంది! దాని బదులు సల్ఫేట్ లేని ఫెర్రిక్ క్లోరైడ్ వాడితే సరఫరాయే తగ్గుతుంది.

సరే, మా వీధిలో ఆ పది మీటర్లే ఎందుకు? మేస్త్రీని అడిగాను, "పల్లపు కాలనీ మురుగు మోటారుతో తోలేది ఇక్కడికే కద సార్" అన్నాడు. అంతే, ముడి వీడింది. మోటారు తోసే పైపు నిండుగా పారుతుంది, లోపల గాలి లేదు. కాబట్టి దాని గోడంతా పాకుడే, గంటల తరబడి ఖాళీ సిలిండర్లు తయారవుతూనే ఉంటాయి. పైకప్పు మీద గాలి లేదు గనక అక్కడ ఆమ్లం పుట్టదు, ఆ పైపు క్షేమం. నీరంతా మా మ్యాన్‌హోల్‌లోకి ఎత్తునుంచి దభాలున పడి చిలుకుతుంది. పోగుపడిన గ్యాసంతా మా పైపు కప్పుకే తగులుతుంది.

గుంత పూడ్చేశారు. మళ్లీ హ్యూమ్ పైపే వేశారు, మురుగు మళ్లీ అంత ఎత్తునుంచే పడుతోంది.