పైనుంచి వేలాడే గుంజ

బ్రిటిష్ కాలంలో కట్టిన బడిలోనో, రైల్వే స్టేషన్లోనో తలెత్తి చూస్తే పెంకుల కింద పెద్ద పెద్ద చెక్క త్రికోణాలు కనిపిస్తాయి. రెండు ఏటవాలు కర్రలు, వాటి కొసలను కలుపుతూ అడ్డదూలం, నడుమ నిలువుగా ఒక గుంజ. ఈ త్రికోణాన్ని ట్రస్ అంటారు, గుంజను కింగ్ పోస్ట్ అంటారు. ఆ గుంజ దూలం మీద నిలబడి కప్పును మోస్తోందని ఎవరికైనా అనిపిస్తుంది. జరుగుతున్నది సరిగ్గా తిరగేసి! బావిలో చేదను తాడు పట్టుకున్నట్టు, గుంజే దూలాన్ని పట్టుకుని ఉంటుంది.

పూరింట్లో నిట్టాడి వేరు. అది నేలలో పాతింది కాబట్టి కొప్పు బరువును తిన్నగా భూమిలోకి దింపేస్తుంది. గది మధ్యలో గుంజ అడ్డం రాకూడదంటే ఆ బరువుకు ఇంకో దారి చూపాలి. ఏటవాలు కర్రలు బరువును గోడల దాకా తెస్తాయి గానీ, వాటి కింది కొసలు పక్కలకు జారి గోడలను బయటికి తోస్తాయి. అడ్డదూలం ఆ రెండు కొసలనూ విడిపోకుండా లాగి పట్టుకుంటుంది. అంటే దూలంలో ఉండేది ముఖ్యంగా టెన్షన్, లాగుడు బలం. ఎంత? కొప్పు మీద 100 కిలోల బరువు పెడితే, కప్పు వాలు 45 డిగ్రీలున్నప్పుడు దూలాన్ని లాగే బలం 50 కిలోలు. వాలు 30 డిగ్రీలైతే 87, 15 డిగ్రీలైతే ఏకంగా 187. వాలు తగ్గించి చెక్క మిగుల్చుకుందామనుకుంటే దూలం దగ్గర దొరికిపోతామన్నమాట.

పొడవాటి దూలం తన బరువుకే నడుమ కుంగుతుంది, దానికి సీలింగ్ కూడా తగిలిస్తే చెప్పనక్కర్లేదు. అందుకే కింగ్ పోస్ట్. దాని పైకొసను వెడల్పుగా చెక్కుతారు, ఏటవాలు కర్రలు రెండు వైపులా బిగిసి జారిపోనివ్వవు. కిందికొసకు ఇనుప పట్టీని బోల్టులతో బిగించి, దూలం కిందుగా చుట్టి తెస్తారు. ఇటలీ పాత కప్పుల్లో గుంజకూ దూలానికీ మధ్య కాస్త ఖాళీ కూడా వదిలేవారు. ఆనని గుంజ దూలం మీద బరువెలా మోపుతుంది? ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఈ ఉపాయం చాలా పాతది. ఈజిప్టులో సినాయ్ కొండ దగ్గరున్న సెయింట్ కేథరిన్ మఠంలో 6వ శతాబ్దపు కింగ్ పోస్ట్ ట్రస్సులు నేటికీ కప్పును మోస్తున్నాయి.

పాత ఇల్లు బాగుచేయించేవాళ్లు అటక ఎత్తు పెరుగుతుందని అడ్డదూలాన్ని కోయిస్తుంటారు. దయచేసి ఆ పని చేయకండి, గోడలు పక్కలకు ఒరుగుతాయి. దూలం నడుమ కుంగినట్టు కనిపిస్తే కింద ఊతకర్ర పెట్టించి, ముందు ఆ ఇనుప పట్టీ తుప్పు పట్టిందేమో, బోల్టులు వదులయ్యాయేమో చూపించండి.