పెళుసు లోహం తీగైన కథ

టంగ్‌స్టన్ కరగాలంటే 3,422 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. లోహాలన్నిటిలో ఇదే ఎక్కువ. ఇనుము 1,538 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. బరువులోనూ తీసిపోదు: ఘన సెంటీమీటరుకు సుమారు 19.3 గ్రాములు, దాదాపు బంగారమంత.

ఈ మొండితనానికి మూలం దాని డి-ఎలక్ట్రాన్లు, అంటే పరమాణువులో ‘డి’ అనే రకం కక్ష్యల్లో ఉండే ఎలక్ట్రాన్లు. ఇనుము, టంగ్‌స్టన్ వంటి పరివర్తన లోహాల్లో పరమాణువులను పట్టి ఉంచేది ముఖ్యంగా ఇవే. మరీ తక్కువుంటే పట్టు చాలదు. మరీ ఎక్కువైతే కొన్ని ఆ పట్టును సడలించే స్థాయుల్లోకి చేరతాయి. టంగ్‌స్టన్ ఈ రెంటికీ నడుమ, పట్టు బాగా బిగిసే చోట ఉంది. వేడిచేసినా అంతగా వ్యాకోచించకపోవడానికీ కారణం అదే.

అయితే చిక్కు కూడా అక్కడే ఉంది. లోహం వంగాలంటే లోపలి పరమాణు పొరలు ఒకదానిమీద ఒకటి జారాలి. మామూలు టంగ్‌స్టన్‌లో, గది ఉష్ణోగ్రత దగ్గర, ఆ జారుడు చాలా కష్టం. అందుకే వంచబోతే పుటుక్కున విరుగుతుంది. బల్బు ఫిలమెంట్‌కు ఇంతకన్నా తగిన లోహం లేదని తెలిసినా, సన్నటి తీగగా సాగదీయడం చాలాకాలం ఎవరికీ సాధ్యపడలేదు.

1910 ప్రాంతంలో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో విలియం కూలిడ్జ్ దారి కనిపెట్టాడు. టంగ్‌స్టన్‌ను కరిగించలేదు. పొడిని కడ్డీగా నొక్కి, కరగకుండానే రేణువులు అతుక్కునేంత వేడిచేశాడు. వేడిమీదే సాగగొట్టి, వజ్రంలో తొలిచిన రంధ్రాల గుండా లాగాడు. లోపలి స్ఫటికాలు పొడవాటి నారల్లా సాగాయి. తీగ చల్లారాక కూడా వంగింది! రాగిని సుత్తితో కొట్టేకొద్దీ బిరుసెక్కుతుంది, కాలిస్తే మెత్తబడుతుంది. టంగ్‌స్టన్‌ది తలకిందుల వ్యవహారం: వేడిమీద సాగగొడితే వంగే గుణం వస్తుంది, ఆపై మరీ ఎక్కువగా కాలిస్తే మళ్లీ పెళుసవుతుంది. లోహాల గురించి నేను చదివినవాటిలో ఇంత అందమైన విషయం మరొకటి లేదు.

కానీ వెలిగే బల్బులో ఫిలమెంట్ సుమారు 2,500 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. ఆ వేడికి నారలు చెదిరి కొత్త స్ఫటికాలు పెరుగుతాయి, తీగ కుంగిపోతుంది. దీనికి విరుగుడు పొటాషియం. టంగ్‌స్టన్‌లో కరగని ఈ మూలకం, తీగ పొడవునా అతి చిన్న బుడగల వరసలుగా నిలిచి స్ఫటికాల హద్దులు కదలకుండా ఆపుతుంది.

ఇప్పుడు ఫ్రాన్స్‌లో కడుతున్న ఐటర్ అనే సంలీన రియాక్టర్‌లో (తేలిక పరమాణు కేంద్రకాలను కలిపే యంత్రం), మండే ప్లాస్మాకు, అంటే విపరీతంగా వేడెక్కి విద్యుదావేశం పొందిన వాయువుకు, ఎదురు నిలిచే పని టంగ్‌స్టన్‌కే అప్పగించారు. అక్కడ న్యూట్రాన్ల తాకిడి దాన్ని మరింత పెళుసు చేస్తుంది. పరిశోధకులు మళ్లీ అదే సమస్యతో తలపడుతున్నారు. ఈసారి సన్నటి టంగ్‌స్టన్ తీగలనే టంగ్‌స్టన్‌లో పొదిగి, పగులు ముందుకు పాకకుండా చూస్తున్నారు.