మత్తు దిగాక మొదలయ్యే నొప్పి

విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో తుంటి ఆపరేషన్ అయిన పెద్దావిడ పక్కన రాత్రి కాపలా ఉన్నవాళ్లకు ఇది తెలుసు. సాయంత్రం దాకా "కాళ్లు ఉన్నట్టే లేవమ్మా" అన్న మనిషి, కాలివేళ్లు కదలడం మొదలవగానే మూలుగుతుంది. వెన్నులో ఇచ్చే మత్తు సాధారణంగా రెండు నుంచి నాలుగు గంటలే పనిచేస్తుంది. ఆ తర్వాతి రాత్రి సంగతేమిటన్నది పాత ప్రశ్నే.

1884లో కార్ల్ కోలర్ కొకైన్ చుక్కలతో కంటిని మొద్దుబార్చాడు. 1898లో జర్మనీలో ఆగస్ట్ బీర్ అదే మందును వెన్నులోకి ఎక్కించాడు. కొందరు రోగులకు ఇచ్చాక తన మీద కూడా ప్రయోగం చేయించుకోబోయాడు. సిరంజి సూదికి సరిగ్గా అమరక మందు కారిపోయింది. దాంతో సహాయకుడు హిల్డెబ్రాంట్ కూర్చున్నాడు. కాలి ఎముక మీద సుత్తితో కొట్టినా అతనికి నొప్పి తెలియలేదు. తర్వాత బీర్ మాత్రం తలనొప్పితో రోజుల తరబడి మంచం పట్టాడు. వెన్నుసూదికి తలనొప్పి వస్తుందని మనవాళ్లు భయపడేది ఉత్త పుకారేం కాదన్నమాట. సూదులు సన్నబడ్డాక ఇప్పుడది బాగా తగ్గింది.

కొకైన్ తర్వాత ప్రొకైన్, 1940లలో స్వీడన్ నుంచి లిడోకైన్, ఆపై ఎక్కువసేపు నిలిచే బుపివకైన్ వచ్చాయి. 1962లో ఇంగ్లండ్‌లో జాన్ చార్న్లీ తుంటి మార్పిడిని గాడిన పెట్టాడు. ఆపరేషన్ తర్వాతి నొప్పికి మాత్రం మార్ఫిన్ లాంటి మందులే దిక్కు. వాటితో వాంతులు, మగత, మలబద్ధకం. మన దగ్గర 1985 మాదకద్రవ్యాల చట్టం తెచ్చిన లైసెన్సుల గొడవతో మార్ఫిన్ దొరకడమే కష్టమైంది. 2014లో ఆ చట్టాన్ని కొంత సడలించారు.

2008లో సిడ్నీ డాక్టర్లు కెర్, కోహన్ ఒక పద్ధతిని ప్రచురించారు. ఆపరేషన్ చేస్తూనే కీలు చుట్టూ కండల్లోకి మొద్దుబార్చే రోపివకైన్, నొప్పీ వాపూ తగ్గించే కెటొరోలాక్, అడ్రినలిన్ కలిపి ఎక్కించడం. అడ్రినలిన్ రక్తనాళాలను బిగిస్తుంది కాబట్టి మందు అక్కడే ఎక్కువసేపు నిలుస్తుంది. మోకాలికి ఇది బాగానే పనికొచ్చింది. తుంటి దగ్గరే పేచీ: పారాసిటమాల్, వాపు తగ్గించే మాత్రలు వేళకు పడుతుంటే, ఈ ఇంజక్షన్‌తో అదనంగా ఒరిగేది పెద్దగా లేదని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. నా లెక్కలో అసలు లోటు ఇక్కడే. "ఆపరేషనంటే నొప్పుండదా, ఓర్చుకో" అనేసి మాత్రను వాయిదా వేస్తాం. ఆవిడా నర్సును పిలవదు.

ఇప్పుడు తుంటి విరిగినవాళ్లకు గజ్జల దగ్గర నరాల బ్లాకులు, అంటే నరం పక్కన మందు ఎక్కించి మొద్దుబార్చే సూదులు, ఇస్తున్నారు. కొన్ని బ్లాకులతో తొడ కండ బలహీనపడుతుంది. ఆ బెడద తగ్గాలనే 2018లో తుంటి కీలుకు వెళ్లే నరాలనే మొద్దుబార్చే పెంగ్ బ్లాక్ వచ్చింది. ఏ బ్లాక్ ఇచ్చారో మత్తు డాక్టరును అడగండి. మొదటిసారి నిలబెట్టేటప్పుడు ఆవిడను ఒంటరిగా వదలొద్దు.