ఎర్రదనం పోతే యువియైటిస్ పోయినట్టేనా? అపోహలు - వాస్తవాలు

అపోహ: కన్ను తెల్లబడింది, నొప్పి లేదు. ఇక మందులు అక్కర్లేదు.

ముదిరిపోయాక నా దగ్గరికి వచ్చే చాలా కేసుల వెనక ఈ నమ్మకమే ఉంటుంది. యువియైటిస్ అంటే కంటి లోపలి యువియా పొరకు వచ్చే వాపు. పైకి కన్ను మామూలుగా ఉన్నా, స్లిట్ ల్యాంప్‌తో (కంటిని పెద్దదిగా చూపించే డాక్టర్ల మైక్రోస్కోప్) చూస్తే లోపలి నీటిలో వాపు కణాలు ఇంకా తేలుతుండొచ్చు. కంటి వెనక తెరలాంటి రెటీనా మధ్యనుండే మాక్యులాలో నీరు చేరితే చూపు మసకబారుతుంది, నొప్పి మాత్రం ఉండదు. యువియైటిస్‌లో చూపు తగ్గడానికి ముఖ్య కారణాల్లో ఇదొకటి.

ఐరిస్ (కంటిపాప చుట్టూ ఉండే రంగు భాగం) వెళ్లి వెనకున్న లెన్సుకు అతుక్కోవడం ఇంకో చిక్కు. కంటిపాప అంచు చుట్టూ అతుక్కుపోతే లోపలి నీరు ముందుకు రావడానికి దారి మూసుకుపోయి, కంటి ప్రెషర్ అమాంతం పెరుగుతుంది. పాపను పెద్దది చేసే చుక్కలు రాసేది ఇలా అతుక్కోకుండా ఉండడానికే. 'అవి వేస్తే చదవలేకపోతున్నాను డాక్టర్' అని చాలామంది మొదట మానేసేవి అవే!

అపోహ: పిల్లలకు ఏదైనా ఉంటే వాళ్లే చెబుతారు.

చెప్పరు. కీళ్లవాతం ఉన్న పిల్లల్లో ఈ వాపు చాలాసార్లు ఎరుపూ నొప్పీ లేకుండానే మొదలవుతుంది. రిస్క్ ఎక్కువున్న పిల్లలకు 3 నెలలకోసారి పరీక్ష తప్పదు, పిల్లవాడు హాయిగా ఆడుకుంటున్నా సరే.

అపోహ: వాపు తగ్గించే స్టెరాయిడ్ చుక్కల వల్లే శుక్లం, గ్లకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు) వస్తాయి.

సగం నిజం. చుక్కలు ఆ రెండూ తేగలవు. కానీ అదుపులో లేని వాపు కూడా అవే తెస్తుంది, అందుకే భయపడి మానేస్తే లాభం లేదు. చెప్పిన లెక్క ప్రకారం తగ్గించుకుంటూ రావాలి, మధ్యమధ్య కంటి ప్రెషర్ చూపించుకోవాలి. ఏళ్ల తరబడి వాపు తిరగబెడుతుంటే మెథోట్రెక్సేట్, అడాలిముమాబ్ లాంటి, రోగనిరోధక శక్తి దూకుడును తగ్గించే మందులు ఇచ్చేది స్టెరాయిడ్ భారం తగ్గించడానికే. నాకు నిజంగా కోపం తెప్పించేది, పాత సీసా దాచుకుని కన్ను ఎర్రబడ్డప్పుడల్లా వేసుకోవడం. అది హెర్పిస్ వైరస్ వల్ల కంటిపై వచ్చిన పుండు అయితే స్టెరాయిడ్‌తో మరింత ముదురుతుంది.

అపోహ: శుక్లం వచ్చింది కదా, వెంటనే తీసేస్తే సరి.

మామూలుగా కనీసం 3 నెలలు వాపు పూర్తిగా అణిగి ఉన్నాకే ఆపరేషన్‌కు వెళ్తాం. తొందరపడితే వాపు మళ్లీ రాజుకుంటుంది. మాక్యులా, కంటి నరం అప్పటికే దెబ్బతిని ఉంటే లెన్సు మార్చినా పూర్తి చూపు రాదు. ఆ మాట ఆపరేషన్‌కు ముందే చెప్పేస్తాను.